పులివెందులలో లేచి ప్రొద్దుటూరులో పడిపోయే కంప్యూటరు

హేమమాలిని భర్త నారాయణ చాలా మంచివాడు. ఒక్కటే ఇబ్బంది. ఇంట్లో ఏ వస్తువు చెడిపోయినా, దాన్ని ఆఖరున ముట్టుకున్నవాళ్ళే చెడగొట్టారని ఆయన తీర్పు. మిక్సీ ఆగిపోతే చట్నీ వేసినవాళ్ళు, కుళాయి కారితే బిందె పట్టినవాళ్ళు. ఆ ఇంట్లో అన్నిటినీ ఆఖరున ముట్టుకునేది హేమమాలినే కాబట్టి, పెళ్ళయిన నాటినుంచీ ఆమె మీద కేసులు పేరుకుపోతూనే ఉన్నాయి. ఆయన ఏ వస్తువునూ ముట్టుకోడు. అందుకే ఆయన చరిత్రలో మచ్చ లేదు. డిటెక్టివ్ పనిలోకి ఎందుకొచ్చారని ఎవరైనా అడిగితే, ఆమె భర్త పేరే చెబుతుంది.

ప్రొద్దుటూరులో ఒక మందుల షాపు మీది గది ఆమె ఆఫీసు. వచ్చేవి ఎక్కువగా పెళ్ళి సంబంధాల వాకబులు. ఆ సోమవారం ఉదయం అసిస్టెంటు జరీనా టీ వంపుతుండగా, పట్టుచీరల వ్యాపారి జయరామయ్య మెట్లెక్కి వచ్చాడు. మొహాన నెత్తురుచుక్క లేదు. చంకలో ఒక కంప్యూటరు పెట్టె ఉంది.

"అమ్మా, ఇది పులివెందులలో లేస్తాంది, ప్రొద్దుటూరికొస్తే పడిపోతాంది," అంటూ కుర్చీలో కూలబడ్డాడు.

జరీనా టీ గ్లాసులో కాకుండా బల్ల మీద పోసింది.

సంగతి ఇదీ. జయరామయ్య కొట్లో చీరల డిజైన్లన్నీ భావన అనే అమ్మాయి ఈ కంప్యూటరులోనే గీస్తుంది. వాటిని జమ్మలమడుగు మగ్గాల మీద నేయిస్తారు. పోయిన గురువారం సాయంత్రం ఆమె మిషను ఆపేసి, వచ్చే నెల నుంచి వేంపల్లెలో ఒక పెద్ద కొట్టుకు పనికి పోతున్నానని చెప్పింది. శుక్రవారం ఎప్పటిలాగే జమ్మలమడుగులో మగ్గాలు చూసుకుంది. శనివారం పొద్దున వచ్చి మిషను వేస్తే ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది, తెర మీద నీలంగా ఒక ఇంగ్లీషు పేజీ వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఎన్నిసార్లు ఆపి వేసినా అదే పేజీ.

"పులివెందులలో కమాల్ బాషా అని మంచి మెకానిక్కు. ఆడికి తీసకపోతే మీట నొక్కంగానే లేచింది. డిజైన్లన్నీ ఉండాయి. సంతోషంగా తెచ్చి కొట్లో పెడితే మళ్ళా నీలం! మళ్ళా తీసకపోయినా. మళ్ళా లేచింది!"

"అంతదూరం ఎందుకు? ఇక్కడ మెకానిక్కులు లేరా?"

"ఈడుండేవాళ్ళంతా నా పోటీవాళ్ళ చుట్టాలేనమ్మా."

"మరి మీ అనుమానం?"

"అనుమానం ఏంది! ఆ పిల్లే. నా కొట్లో తప్ప యాడైనా తెరుచుకునేట్టు ఏదో తాళం ఏసింది. డిజైన్లు వేంపల్లెకు ఇచ్చేసింటాది. శనివారమే కొట్టు గడపలో నిలబడి బజారంతా వినేట్టు 'దొంగా' అని తరిమేసినా. ఈరోజు సాయంత్రానికి మీరు రుజువు చూపియ్యండి. లేకుంటే నేనే స్టేషన్‌కు పోతా."

జరీనా హేమమాలిని చెవిలో గొణిగింది. "వైరస్ ఏమో అక్కా."

"ఊరు చూసి పట్టే వైరస్సా?"

జరీనా ఆ మాటను రాత్రి ఇంట్లో అందరికీ చెప్పాలని మనసులో దాచుకుంది.

కొట్టు వెనకగదిలో ఒక బల్ల, దాని మీద తెర, నున్నగా తుడిచిన చిన్నరకం కీబోర్డు ఉన్నాయి. దానికి పక్కన అంకెల మీటలు లేవు. గోడ మీద పెద్ద అక్షరాలతో బోర్డు: 'ఇక్కడ తినరాదు, తాగరాదు.' తెర నుదుటిన కుంకుమ బొట్టు. కిటికీ గాలికి అడ్డంగా, వెలుతురుకు ఎదురుగా ఉన్న ఆ బల్లను చూసి హేమమాలిని ఆగింది.

"ఇంత అసౌకర్యంగా ఎందుకు వేశారు?"

"వ్యాపారం చేసే మనిషి ఉత్తరం మొగాన కూర్చోవాలమ్మా. వాస్తు," అన్నాడు జయరామయ్య గర్వంగా.

కిటికీలోనుంచి చీమల బారు ఒకటి దిగి, బల్ల దాటి, కీబోర్డు కిందికి పోతోంది.

"చూసినారా! ఇంత పెద్ద బోర్డు పెట్టినా దొంగతనంగా తినింది," అని మండిపడ్డాడాయన.

హేమమాలిని వంగి వాసన చూసింది. "శుక్రవారం దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

"ఎవరూ లేదు. శుక్రవారం పూజ చేసి బట్ట కప్పేస్తాం. ఆఖరున ముట్టుకునింది గురువారం, ఆ పిల్లే."

ఆ వాక్యం హేమమాలినికి బాగా పరిచయం. ఇంట్లో రోజూ వింటుంది.

కబురు పెడితే భావన వచ్చింది. గడప దగ్గరే నిలబడిపోయింది.

"లోపలికి రామ్మా. మిషనుకు ఏమైనా తాళం వేశావా?"

"నేనెందుకేస్తాను మేడం? శనివారం నేనే కదా తెరవాలని చూసింది!"

"ఇక్కడ ఏమైనా తింటావా?"

"నీళ్ళు తాగాలన్నా రోడ్డు మీదికి పోతా. సార్ చూస్తే ఊరుకోడు." ఆమె చేతిలోని ఫోను చూపించింది. "వేంపల్లె వాళ్ళు ఫోన్ చేసినారు మేడం. దొంగ అనే మాట వాళ్ళదాకా పోయింది. ముందు ఆ గొడవ తేల్చుకో, తర్వాత చూద్దాం అన్నారు. స్టేషన్‌లో నా పేరు పడితే, ఇంక చీరల కొట్టులో ఎవరూ నన్ను గడప తొక్కనీరు."

హేమమాలిని ఫోను తీసి పులివెందులకు చేసింది.

"కమాల్ బాషా గారూ, మీ దగ్గరికి పెట్టెతో పాటు ఇంకేమొచ్చాయి?"

"ఏం రాలే మేడం. పెట్టె ఒగటే. తెర, కీబోర్డు, వైర్లు అన్నీ మా షాపువే పెట్టి చూసినా."

ఫోను పెట్టేసి, జరీనాతో మెల్లగా ఏదో చెప్పి పంపింది. జరీనా తిరిగొచ్చేసరికి జయరామయ్య, ఆయన భార్య గౌరి, భావన బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు. జరీనా చేతిలో ఆఫీసు కీబోర్డు ఉంది. దాని సందుల్లో ఏళ్ళ తరబడి రాలిన బిస్కెట్ పొడి కనిపిస్తూనే ఉంది. గోడ మీది బోర్డు చదివి జరీనా దాన్ని కొంగు కింద దాచుకుంది.

హేమమాలిని పాత కీబోర్డు పక్కన పెట్టి, పెట్టెకు తెరనూ దీన్నీ తగిలించి, మీట నొక్కింది. ఫ్యాను తిరిగింది. లైటు వెలిగింది. నీలం పేజీ రాలేదు. తెర నిండా ఒక పట్టుచీర అంచు విచ్చుకుంది, నెమళ్ళతో.

జయరామయ్య పెట్టెను ముందూ వెనకా తిరిగి చూశాడు.

"పెట్టెకు ఏ రోగమూ లేదు," అంది హేమమాలిని. "రోగం కీబోర్డుది. అందుకే పెట్టె ఒంటరిగా పోయిన చోటల్లా ఆరోగ్యంగా ఉంది. ఇదిగో, కుడిచేతివైపు పైమూల మీట. డిలీట్ అంటారు. లోపలికి దిగి అతుక్కుపోయింది. మిషను వేసేటప్పుడు ఈ మీట నొక్కి ఉంటే, అది లోపలికి పోకుండా తన సర్దుబాట్ల పేజీ తెరిచి కూర్చుంటుంది. అదే మీ నీలం పేజీ."

"అంటే ఆ పిల్ల తిని..."

"ఆగండి. ఉత్తరం మొగాన కూర్చుంటే, కీబోర్డుకు కుడివైపు పైమూల ఏ దిక్కవుతుంది?"

జయరామయ్య వేళ్ళు గాలిలో దిక్కులు లెక్కపెట్టాయి. సగంలో ఆగిపోయాయి.

"ఈశాన్యం," అంది గౌరి.

"దేవుడి మూల. శుక్రవారం పూజలో నైవేద్యం అక్కడే పెడతారు కదూ? చీమలకు వాస్తు తెలీదు గానీ బెల్లం తెలుసు."

"బెల్లం ముక్కే కదమ్మా!" జయరామయ్య గొంతు చిన్నదైపోయింది. "ప్రతి వారం పెడతానే ఉన్నా. ఎప్పుడైనా ఏమైనా అయిందా?"

గౌరి భర్త వైపు తిరిగింది. కళ్ళు ఇంతంతయ్యాయి. "ఏమయ్యా! పోయిన శుక్రవారం నాతో పానకం చేయించినావే! ఆ పిల్ల పోతాంది, దాని వెంబడి లక్ష్మి గూడా పోతాదేమోనని! చెంబుతో ఈడికే కదా తెచ్చినావు!"

"రొంత ఒలికింది. తుడిచినా గదా," అన్నాడాయన. తర్వాత తాను అన్నది తనకే వినపడింది. గోడ మీది బోర్డు చూశాడు. ఆ బోర్డు రాయించింది కూడా ఆయనే.

జరీనా హేమమాలిని వైపు గుడిలో చూసినట్టు చూసింది.

"ఆఖరున ముట్టుకున్నది భావన అన్నారు," అంది హేమమాలిని. "మీరు ముట్టుకోవడం మీ లెక్కలో ముట్టుకోవడం కాదు, పూజ. మా ఇంట్లోనూ ఇట్లాంటి లెక్క ఒకటి ఉంది లెండి."

జయరామయ్య తల దించుకుని, నేలతో చెబుతున్నట్టు గొణిగాడు. "ఏదో పొరపాటు జరిగిందిలే, భావనా."

భావన కదల్లేదు. "శనివారం మీరు ఇంత మెల్లగా అనలేదు సార్."

గౌరి తలుపు పూర్తిగా తెరిచి పక్కకు జరిగింది. జయరామయ్య భార్యను చూశాడు, తలుపును చూశాడు. కండువా సర్దుకుని కొట్టు ముందుకు నడిచాడు. శనివారం నిలబడిన గడపలోనే నిలబడ్డాడు. ఎదురు బంగారు కొట్టులో త్రాసు ఆగింది. పక్క బట్టలకొట్టు వాళ్ళు మెట్ల మీదికొచ్చారు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"అప్పా, అందరూ ఇనండి! మా భావన దొంగ కాదు. కంప్యూటరు మీద పానకం పోసింది నేను. తప్పు నాది!"