కిటికీ లేని క్యాబిన్

ఢిల్లీలో ఒక పెద్ద అధికారి కాఫీ తాగుతూ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడు. కప్పులో విషం. లాకర్ ఖాళీ. అందులో ఉండాల్సిన చిప్‌లో, విదేశాల్లో మారుపేర్లతో పనిచేస్తున్న పదకొండు మంది భారత ఏజెంట్ల వివరాలున్నాయి. నాలుగో పేరు సువార్త.

సువార్త ఏజెంట్ శశికుమార్‌కు సొంత చెల్లెలు.

ఆరు రోజుల తర్వాత, మధ్యాహ్నం నాలుగు గంటలకు, అదే శశికుమార్ కరువు సీమలోని రాయదుర్గం బస్టాండు ఎదురుగా ఒక ట్రావెల్స్ ఆఫీసు కౌంటర్లో కూర్చుని ఓడ గదులు కేటాయిస్తున్నాడు. పెట్టుడు మీసం చెమటకు జారిపోతోంది. దాన్ని వేలితో అదుముకున్నప్పుడల్లా ఒళ్లు మండిపోతోంది. చెల్లెలి ప్రాణం మీదికి వస్తే అన్న చేయాల్సిన పని ఇదా?

కానీ దారి ఇటే ఉంది. ఇక్కడి యూనిట్లలో జీన్స్ కుట్టించుకునే ఒక విదేశీ కంపెనీ, బాగా పనిచేసిన ముగ్గురికి పనామా కాలువ మీద ఓడ ప్రయాణం బహుమతిగా ప్రకటించింది. ఆ కంపెనీ ఒట్టి ముసుగు. వెనక ఉన్నది గూఢచారుల ముఠా. చిప్ ఈ ఊరు చేరింది. ఆ ప్రయాణంలోనే చేతులు మారుతుంది. నెట్లో పంపితే దొరికిపోతామని వాళ్లకు తెలుసు.

"శశీ, మళ్లీ చెబుతున్నా." చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది. "ఓడ కాలువ లాకులోకి, అంటే నీటి తలుపుల మధ్య ఇరుకులోకి, వెళ్లినప్పుడు కాంక్రీటు గోడ రెండో డెక్ బాల్కనీకి జానెడు దూరంలోకి వస్తుంది. గోడ పక్కన నిలబడ్డవాడు చేయి చాస్తే చాలు, చిప్ అందుతుంది. కాలువ అందం చూడాలంటే పై డెక్కులే. గోడ చూడ్డానికి అంత దూరం ఎవడూ పోడు. ఉచితంగా ఏ గదైనా ఇస్తామన్నా రెండో డెక్ అడిగాడంటే, వాడే మనం వెతికే మనిషి."

"సోర్స్ ఎవరు సార్?"

"వనజాక్షి."

వనజాక్షి ఎదురుగా సోఫాలోనే ఉంది. కంపెనీ బయ్యింగ్ మేనేజరు, ఈ ప్రయాణానికి లీడరు. ముఠా జీతం తింటూ మనకు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. నల్ల కళ్లద్దాలు, భుజాన గుండీల్లాంటి రాగి రివెట్లు కొట్టిన డెనిమ్ హ్యాండ్‌బ్యాగు. ఆమె వచ్చిందంటే ఊళ్లో మోటారు సైకిళ్లు నెమ్మదిస్తాయి. "మాదీ కుందుర్పేలే, పదో తరగతి దాకా అక్కడే" అని చెప్పిన రోజే డిపార్ట్‌మెంటు సగం కరిగిపోయింది.

ఐదింటికి కేటాయింపు ముగుస్తుంది. ఆ వెంటనే కారు బెంగళూరు ఎయిర్‌పోర్టుకు బయల్దేరుతుంది.

ఢిల్లీ ల్యాబు ఒక పెన్ను ఇచ్చింది. చిప్‌కు రాగి తొడుగు ఉంది కాబట్టి, రాగి దగ్గరికి వెళితే పెన్ను కీచుమంటుంది. రాయదుర్గంలో జీన్స్ ప్యాంటు వేసుకున్న ప్రతివాడికీ నాలుగు రాగి రివెట్లుంటాయి. పొద్దున్నుంచి టీ అబ్బిని చూసి మోగింది, డ్యూటీ దిగిన ట్రాఫిక్ పోలీసును చూసి మోగింది, శశికుమార్‌నే చూసి రెండుసార్లు మోగింది. దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త కనిపిస్తే ఆ పెన్నుతోనే పొడవాలనిపించింది.

మొదట గుండీల మిషన్ ఆపరేటరు నాగప్ప వచ్చాడు. శశికుమార్ ఓడ మ్యాపు పరిచాడు.

"ఏడో డెక్ బాల్కనీ తీసుకోన్నా. అడివి, కొండలు, కాలవ అంతా కనపడుతుంది."

"కింద ఏముండాది?"

"రెండో డెక్. ఆడ గోడ అడ్డమొస్తుంది."

"వస్తే రానీ. కిందదే రాసెయ్యప్పా."

దొరికాడు! శశికుమార్ పోలీసులను పిలిచే బల్ల కింది మీట మీద వేలు పెట్టాడు. నొక్కేలోపే రెండో విజేత తిమ్మక్క, నాగప్పను పక్కకు నెట్టి ముందుకొచ్చింది. సొంతంగా పది మిషన్లు నడిపే మనిషి, ఎవరికీ జడవదు.

"నీళ్లకు అన్నిటికన్నా దగ్గరుండే గది యాదప్పా?"

"రెండో డెక్కక్కా. కానీ..."

"కానీ గీనీ ఏం లేదు. అదే ఇయ్యి."

మూడోవాడు కటింగ్ మాస్టర్ ఓబిలేష్. మ్యాపు చూడనే లేదు. "నాకూ వాళ్ల పక్కనే, అన్నిటికన్నా కింద."

శశికుమార్‌కు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"ముగ్గురూనా?" చీఫ్ అరిచాడు. "అయితే ముగ్గురూ ముఠానే!"

"సార్, తిమ్మక్క పాస్‌పోర్టు ఫోటో చూశారా? ఫ్లాష్‌కు భయపడి కళ్లు మూసుకుంది." శశికుమార్ మ్యాపు చాటున గొణిగాడు.

వనజాక్షి ఫారం ఇచ్చే నెపంతో కౌంటరు మీదికి వంగింది. "ఓబిలేష్ ప్యాంటు అంచు చూడు శశీ. కుట్టు కొత్తది" అని గుసగుసలాడింది.

శశికుమార్ ఓబిలేష్‌ను చెక్క తడిక వెనక్కి లాక్కెళ్లాడు. బ్లేడుతో రెండు అంచులూ చీల్చాడు. దారం తప్ప ఏమీ లేదు.

"ఏమప్పా, నీకేమన్నా పిచ్చా?" ఓబిలేష్ కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. "ఇమానం ఎక్కేదానికని నేనే కత్తిరించి నేనే కుట్టుకున్న ప్యాంటు ఇది!"

సిగ్గుతో శశికుమార్ తల ఎత్తలేకపోయాడు. "తప్పయిపోయిందన్నా. నిజం చెప్పు, ఆ కింద గదే ఎందుకు?"

"ఇందులో నిజమేముండాది? ఆరు బోర్లు ఏసినా. ఆరూ ఎండిపోయినాకనే ఈ కత్తెర పట్టినా. నిండుగా పారే కాలవ మీద పోతాండాం. యాడో పైన కూచుంటే నీళ్లు అందుతాయా? చెయ్యి ముంచి చూడాలని ఉండాదప్పా, అంతే."

శశికుమార్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. తనదీ ఈ కరువు సీమే, సోమందేపల్లె. అమ్మతో పాటు బిందె మోసిన భుజం తనది. ఢిల్లీ నుంచి వచ్చిన సిద్ధాంతాన్ని నమ్మాడే తప్ప, ఈ మనుషుల్ని ఒక్క మాట అడగాలని తోచలేదు.

కౌంటరు దగ్గరికి వచ్చేసరికి నాలుగు యాభై రెండు. ఒక్క ఆధారం లేదు. ఇంకాసేపటికి చిప్ వెళ్లిపోతుంది. సువార్త మొహం కళ్ల ముందు మెదిలింది.

"నా గది కూడా వేసెయ్" అంది వనజాక్షి. "ఎనిమిదో డెక్, లోపలి వరస. 8116."

"దానికి కిటికీ లేదు."

"వద్దులే. నీళ్లు చూడ్డానికేముంది శశీ? ఎక్కడ చూసినా అవేగా."

కీబోర్డు మీద శశికుమార్ వేళ్లు ఆగిపోయాయి. బిందెడు నీళ్లకు కటకటలాడే కుందుర్పిలో పెరిగిన మనిషి అనే మాటేనా ఇది?

మెల్లగా అడిగాడు. "చిన్నప్పుడు మీ వీధికి ట్యాంకరు వస్తే బిందెలు వరసలో ఎవరు పెట్టేవాళ్లు?"

"బిందెలేమిటి? మా ఇంట్లో కుళాయి తిప్పితే ఇరవై నాలుగు గంటలూ వచ్చేవి."

శశికుమార్ ఓడ మ్యాపు దగ్గరికి లాక్కున్నాడు. 8116కూ 8114కూ మధ్య గోడలో చిన్న గుర్తు. రెండు గదులనూ కలిపే లోపలి తలుపు! 8114 రెండు రోజుల కిందటే ఆ కంపెనీ యజమాని పేర బుక్కయింది. చిప్ చేతులు మారేది ఆ తలుపులోంచే. గోడా లేదు, బాల్కనీ లేదు. రెండో డెక్ కథ ఆమె అల్లిందే.

తలెత్తేసరికి ఆమె చేతిలో చిన్న పిస్టల్ ఉంది.

"ఎవడో ఒకడు కింద గది అడుగుతాడు, వాడి వెంట పడతావనుకున్నా." గొంతులో యాస మారిపోయింది. "ముగ్గురూ అడిగి నా ప్లాను తగలేశారు. కదలకు."

శశికుమార్ పిస్టల్ క్యాలిక్యులేటర్‌లో ఉంది. అది తెరుచుకోవాలంటే ఆరంకెల కోడు నొక్కాలి. అతను మనసులో ల్యాబును మళ్లీ తిట్టుకున్నాడు.

వనజాక్షి వెనక్కి వెనక్కి నడుస్తూ తడిక దాటింది. బయట కారు స్టార్టయింది. ఆమె భుజాన రివెట్లు మెరిశాయి; రాగి తొడుగు చిప్‌ను దాచడానికి అంతకన్నా చోటేది?

"ఓబిలేషన్నా! చిప్ ఆ బ్యాగులోనే ఉంది. పోనీయొద్దు!"

ఓబిలేష్‌కు చిప్ అంటే తెలియదు. బ్యాగు అంటే తెలుసు. తెగిన దారాలు సరిచేసుకుంటున్న కత్తెరతోనే తడిక చాటు నుంచి చేయి చాచి, నాలుగు పొరల డెనిమ్ పట్టీని ఒక్క వేటుకు కత్తిరించాడు. బ్యాగు నేల మీద పడింది. ఆమె దానికోసం వంగేలోపు తిమ్మక్క దాని మీద కాలేసి నిలబడింది. పిస్టల్ పేలింది. గుండు సీలింగు ఫ్యానుకు తగిలింది. వనజాక్షి కారులోకి దూకింది.

ఇయర్‌పీస్‌లో అంతా విన్న చీఫ్ కబురు పంపితే, ఎనిమిది నిమిషాల తర్వాత బళ్లారి రోడ్డు చెక్‌పోస్టులో పోలీసులు ఆ కారును ఆపారు. అప్పటికి శశికుమార్ బ్యాగుకున్న రివెట్లు ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాడు. పదకొండోది మర తిరిగి ఊడి వచ్చింది. లోపల గోరంత చిప్.

"శభాష్!" అన్నాడు చీఫ్. "లిస్టులో అందరూ క్షేమం. నీ చెల్లెలు కూడా."

శశికుమార్ కుర్చీలో కూలబడ్డాడు. కళ్లు తుడుచుకుంటే మీసం చేతికొచ్చింది.

ఎదురుగా ముగ్గురూ కదలకుండా నిలబడి ఉన్నారు. సర్దుకున్న సంచులు వాళ్ల కాళ్ల దగ్గరే ఉన్నాయి.

"అయితే మా గదులప్పా?" అడిగాడు నాగప్ప.

ఇంతకన్నా పిస్టల్‌కు ఎదురు నిలబడటం తేలిక. "కంపెనీయే దొంగదన్నా. ఓడ లేదు, ప్రయాణం లేదు."

ఓబిలేష్ వంగి చిరిగిన అంచులు లోపలికి మడుచుకున్నాడు. తిమ్మక్క మాత్రం సంచి భుజానికెత్తుకుంది.

"దానికెందుకప్పా అట్ల మొగం పెడతావు? మన కాడికి కాలవ రాకుండా పోయేది ఇదేమన్నా మొదటిసారా?"