మొత్తం యాభై ఎనిమిది మీదే

నున్సియో పరిగెడుతున్నాడు.

చలికాలం. ఏడు దాటేసరికే చిమ్మచీకటి. నేపుల్స్ ఊళ్ళో సనితా పేట సందుల్లో నల్లరాళ్ళు తడిసి జారుతున్నాయి.

వెనక స్కూటర్...

హెడ్‌లైట్ గోడ మీద పడుతుంది. కోటు లోపల దోపుకున్న కవరుని రెండు చేతులతో అదిమి పట్టుకుని ఎడమకి తిరుగుతాడు.

"బావా, ఆగు."

తరుముతున్నది పోలీసు కాదు. రౌడీ కాదు. సొంత తమ్ముడి పెళ్ళాం, ఇమ్మా.

ఆ కవరు ఇందాక అతని చేతిలో పెట్టింది ఆమే. అందులో తొమ్మిది వేల యూరోలు. వాళ్ళమ్మ పెట్టిన బంగారమంతా అమ్మేసి తెచ్చింది, మొగుణ్ణి విడిపించుకోవడానికి.

మొగుడి పేరు సబాతో. పొద్దుట్నుంచీ వాడు అప్పులిచ్చే డోన్నా ఎర్మీనియా ఇంట్లో ఉన్నాడు. కుర్చీకి కట్టేసి ఉన్నాడు. అప్పు నున్సియోది. పూచీ తమ్ముడిది. గడువు ఈ రాత్రి ఎనిమిది.

మరి ఇమ్మాయే పోయి కట్టెయ్యొచ్చు కదా అంటారేమో. కుదరదు. అప్పు తీసుకున్నవాడికి తప్ప ఎర్మీనియా తలుపు ఇంకెవరికీ తియ్యరు. ఆ పేటలో అది రివాజు. అందుకే గతిలేక బావగారి చేతికిచ్చింది. ఇచ్చిందే గానీ మనసొప్పక వెనకే బయల్దేరింది.

మంచిపని చేసింది.

ఎర్మీనియా ఇల్లు పైన, కొండ మీద. బావగారు పరిగెడుతున్నది కిందికి... మార్కెట్ వైపు!

మార్కెట్లో అనియెల్లో బోటీ కొట్టు ఉంది. పైకి బోటీ. లోపల దొంగ లాటరీ. డ్రా మాత్రం సర్కారుదే, ఎనిమిదింటికి. నంబరు తగిలితే సర్కారు పదకొండు రెట్లిస్తుంది. ఈ దొంగ బ్యాంకు పదమూడు ఇస్తుంది. ఆ బ్యాంకు ఎవరిదనుకున్నారు? ఎర్మీనియాదే. అప్పిచ్చేదీ ఆవిడే, ఆడించేదీ ఆవిడే. ఏడున్నరకి పందేలు బంద్.

ఈ లాటరీలో ఊరికో చక్రం, చక్రానికి ఐదు నంబర్లు. నేపుల్స్ చక్రంలో యాభై ఎనిమిది వచ్చి ఏడాది దాటింది. పేటలో సగం మంది దాని వెనక పడ్డారు. నున్సియో అందరికంటే ముందు పడ్డాడు. పోయిన ప్రతిసారీ రెట్టింపు పెట్టాడు. రొట్టెల కొట్టు పోయింది. ఇల్లు పోయింది. పెళ్ళాం కూతుర్ని తీసుకుని పుట్టింటికి పోయింది. ఆ తర్వాత అప్పు. ఆ తర్వాత తమ్ముడు.

ఇన్నాళ్ళు రానిది ఇవాళ రాక ఎక్కడికి పోతుంది? ఇదీ వాడి లెక్క.

ఒకవేళ ఇవాళ ఆడకుండా ఉంటే... సరిగ్గా ఇవాళే వస్తే?

ఆ ఊహకే ఒళ్ళంతా చెమటలు పడుతున్నాయి. తమ్ముణ్ణి తల్చుకుంటే పట్టని చెమటలు.

మెట్ల సందు వచ్చింది. స్కూటర్ దిగదు. హమ్మయ్య అనుకునేలోపు వెనక దబ్బున చప్పుడు... ఇమ్మా స్కూటర్ని అక్కడే పడేసి దూకుతుంది. నాలుగంగల్లో అతన్ని దాటి, రెండు మెట్లు కింద అడ్డంగా నిలబడుతుంది. రొప్పుతోంది.

"ఎటు పోతున్నావు?"

"తప్పుకో."

"ఇల్లు పైన ఉంది బావా. నువ్వు కిందికి పోతున్నావు."

"ఇవాళ వస్తుంది ఇమ్మా. ఒట్టు. తమ్ముణ్ణి విడిపిస్తా, నీ బంగారం నీకు రెట్టింపు చేయిస్తా. ఒక్క గంట ఓపిక పట్టు."

"నాకు బంగారం వద్దు. నా మొగుడు కావాలి. ఆ కవరిలా ఇచ్చెయ్యి."

"ఎనిమిదింటికి ఊరంతా టీవీ ముందే కూర్చుంటుంది. ఆ ఇంట్లో వాళ్ళు మాత్రం కూర్చోరా? డ్రా అయ్యేదాకా వాడి జోలికెవడూ పోడు."

ఇమ్మా అతని మొహంలోకి చూస్తుంది. అక్కడ బతిమాలడానికి మనిషంటూ ఎవరూ మిగల్లేదని ఆమెకి అర్థమవుతుంది.

ఒక్క ఉదుటున కోటులో చెయ్యి పెట్టి కవరు పట్టుకుంటుంది!

నున్సియో తోస్తాడు.

గట్టిగానే తోస్తాడు. ఆమె వెల్లకిలా పడి మెట్ల మీద దొర్లుకుంటూ పోతుంది. కింద ఎక్కడో ఎముక విరిగిన చప్పుడు. పైన ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఒక ముసలామె తొంగి చూసి, చూడనట్టే కిటికీ మూసేస్తుంది.

"బావా... కాలు..."

ఆమెని దాటుకుని వెళ్తాడు. దాటాలి మరి, సందు ఇరుకు.

అనియెల్లో షట్టర్ సగం దించేశాడు. నున్సియో దాని కింద నుంచి వంగి లోపలికి దూరతాడు.

"ఏరా రొట్టెలోడా, ఇంకా బతికే ఉన్నావా? బోటీ అయిపోయింది."

"యాభై ఎనిమిది. నేపుల్స్. మొత్తం."

అనియెల్లో కవరు విప్పి చూస్తాడు. మొహంలో నవ్వు పోతుంది.

"ఇది ఎర్మీనియాకి కట్టాల్సింది కదరా. నీ తమ్ముడు అక్కడ..."

"రాయి."

"ఒరేయ్, నాకు కమీషన్ వస్తుంది, అయినా చెప్తున్నా విను. లాటరీ డబ్బాలో నంబరు బంతికి తను ఎప్పుడు బయటికొచ్చిందో గుర్తుండదు. అదేదో నీకు బాకీ పడ్డట్టు తిరుగుతున్నావు. అది వట్టి బంతి."

"రాస్తావా, ఇంకోడి దగ్గరికి పొమ్మంటావా?"

అనియెల్లో భుజాలెగరేసి చీటీ రాస్తాడు. కమీషన్ ఎవరికి చేదు?

ఎదురుగా బార్. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. గుడిగంట ఎనిమిది కొడుతుంది. నున్సియో చెవికి ఎక్కదు. వాడి ప్రాణమంతా టీవీలో ఉంది.

నేపుల్స్.

పన్నెండు.

డెబ్బై ఏడు.

నాలుగు.

ముప్పై తొమ్మిది.

ఇంకొక్కటే... ఇది కూడా పోతే ఏం చెయ్యాలన్నది వాడు అస్సలు ఆలోచించలేదు.

యాభై ఎనిమిది!

బార్ దద్దరిల్లిపోతుంది. ఎవడో ఎవడినో ఎత్తుకుంటున్నాడు. నున్సియో నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు. పక్కవాడు వాడి నోట్లో వైన్ పోస్తాడు. ఇంకొకడు భుజం చరుస్తాడు. అలా ఎంతసేపు గడిచిందో వాడికి తెలీదు.

తర్వాత తమ్ముడు గుర్తొస్తాడు. అప్పుడు గుర్తొస్తాడు!

కొండ ఎక్కేసరికి గుండె నోట్లోకి వస్తోంది. ఎర్మీనియా మనిషి తోరె తలుపు తీస్తాడు. పక్కకి జరుగుతాడు.

వంటగది. బల్ల ముందు కూర్చుని డోన్నా ఎర్మీనియా ఆకుకూర తుంచుతోంది. మూల టీవీ ఉంది. దాని మీద గుడ్డ కప్పి ఉంది. ఆవిడ డ్రాలు చూడదు. ఆ పిచ్చి ఆడేవాళ్ళకే.

సబాతో కుర్చీలో ఉన్నాడు. కుడిచేతికి తువ్వాలు చుట్టి ఉంది. తువ్వాలు తడిగా, ఎర్రగా ఉంది.

వాడు గ్లౌజుల పనివాడు. ఆ చేత్తోనే తోలు కోస్తాడు.

"ఆలస్యమైంది నాయనా," అంటుంది ఎర్మీనియా తలెత్తకుండా. "ఎనిమిదింటికి ఒక వేలు తీశాం. ఎనిమిదింపావుకి ఇంకోటి. గడువంటే గడువే కదా."

నున్సియో తమ్ముడి చెయ్యి చూస్తాడు. చీటీ తీసి బల్ల మీద పెడతాడు.

"పెద్దమ్మా... యాభై ఎనిమిది."

"తెలుసు. అనియెల్లో ఫోన్ చేశాడు. లక్షా పదిహేడు వేలు." ఆకులు తుంచే చేతులు ఆగవు. "నేనెవరికీ ఎగ్గొట్టలేదు. తోరె, సంచీ తే."

తోరె సంచీని బల్ల మీద బోర్లిస్తాడు. నోట్ల కట్టలు ఆకుల పక్కన గుట్టగా పడతాయి.

సబాతో తలెత్తుతాడు.

"అన్నా, ఆవిడది ఆవిడకిచ్చెయ్. పోదాం పద. ఇమ్మా ఏది?"

నున్సియో వినడు. వాడు కట్టలకేసి చూస్తూ పెదాలు కదుపుతున్నాడు. కొట్టు... ఇల్లు... అప్పు పోగా... పోగొట్టుకున్నదానికి ఇంకా నలభై వేలు తక్కువ.

ఇంకా తక్కువే.

ఎర్మీనియా మొదటిసారి చేతులాపి వాడి మొహం చూస్తుంది. ఇలాంటి మొహాల్ని ఆవిడ జీవితమంతా చూసింది.

"పట్టుకుపోతావా? లేక శనివారం డ్రా దాకా నా దగ్గరే ఉంచుతావా? ఉంచితే మొత్తం ఉంచాలి. అప్పూ ఉంటుంది. ఈ కుర్రాడూ ఉంటాడు."

నున్సియో ఒక కట్ట చేతిలోకి తీసుకుని బరువు చూస్తాడు.

ఔననో కాదనో చెప్పడానికి ఎంతసేపు పట్టాలి మనిషికి?

"డెబ్బై ఒకటి కూడా చాన్నాళ్ళుగా రాలేదు కదా..." అంటాడు నున్సియో.

"అన్నా."

"రెండ్రోజులేరా. ఇప్పుడు నాకు కలిసొచ్చింది. ఈ ఊపులో వదిలేస్తే ఎలా? కొట్టు వెనక్కొస్తుంది, ఇల్లు వెనక్కొస్తుంది..."

"తోరె, వాడి కట్లు విప్పు," అంటుంది ఎర్మీనియా. "అన్నదమ్ములు, మాట్లాడుకోనీ."

తోరె తాళ్ళు విప్పుతాడు. నడుముకున్న పిస్టల్ తీసి బల్ల మీద, సబాతో ఎడమచేతి పక్కన పెట్టి, సిగరెట్ వెలిగించుకుంటూ కిటికీ దగ్గరికి పోతాడు. మరిచిపోయి పెట్టే రకం కాదు తోరె.

"దేంతో ఆడావు?" సబాతో గొంతు చిన్నగా ఉంది.

"ఇమ్మా ఇచ్చింది. కానీ చూడు, ఎంతయిందో..."

"ఇమ్మా ఏది?"

"మెట్ల దగ్గర... కొంచెం కాలు జారింది."

నున్సియో ఇంకా కట్టల వైపే చూస్తున్నాడు. తమ్ముడి ఎడమచెయ్యి ఎటు పోయిందో చూడలేదు.

ఢాం!

నున్సియో నోట్ల మీదకి ఒరిగి, జారి, నేల మీద పడతాడు. మళ్ళీ కదలడు.

తోరె తాపీగా వచ్చి సబాతో ఎడమచేతిలోంచి పిస్టల్ తీసుకుంటాడు. రక్తం అంటిన కట్టల్ని ఎర్మీనియా ఒక పక్కకి, అంటనివాటిని ఇంకో పక్కకి పెడుతుంది. చీటీని నాలుగు ముక్కలు చేసి ఆకుకూర చెత్తలో వేస్తుంది.

"ఆడినవాడు పోతే పందెమూ పోయినట్టే," అంటుంది. "చచ్చినవాడికి ఏ బ్యాంకూ ఇవ్వదు."

"నేను పోవచ్చా?" సబాతో లేవబోతాడు. "నా పెళ్ళాం మెట్ల దగ్గర పడి ఉంది. నేను పోవాలి."

"ఎక్కడికి నాయనా? అప్పు అలాగే ఉంది. పూచీ నీదేగా."

ఆవిడ మళ్ళీ ఆకుకూర ముందుకి లాక్కుంటుంది. తోరె వంగి నేల మీది తాడు తీస్తాడు.