జానమ్మ నోరు మూసుకున్న పూట

కంచం ఎగిరి దర్వాజా దగ్గర పడింది! జొన్నరొట్టె ఒకవైపు, పప్పు ఒకవైపు... జానమ్మ వంగి రొట్టె ముక్కలు ఏరింది. పక్షవాతం వచ్చిన ఈ ఏడు నెలల్లో భర్త కురుమయ్యకు ఇంత కోపం రావడం ఇదే మొదలు. కట్టంగూరు గుట్టలు మారుమోగేలా గొర్రెలను అదిలించిన మనిషి! ఇప్పుడు బయటికి చెయ్యి చూపుతూ ‘ఆ... ఆ...’ అనడం తప్ప ఆ నోట మాటే లేదు.

“పప్పు వద్దంట బిడ్డా! పచ్చిపులుసు గావాల్నంటుండు... చెయ్యిట్ల జూపినప్పుడల్లా గదే పోస్తున్న” అంది జానమ్మ కళ్లొత్తుకుంటూ.

ఊపిరితో, నడకతో, పాటలాంటి పలుకులతో మాట తెప్పించడానికి వారం వారం నల్లగొండ నుంచి వచ్చే థెరపిస్టు స్నిగ్ధ తల అడ్డంగా ఊపింది. “బాబాయ్ అనలే చిన్నమ్మా... నువ్వన్నవ్. అన్నీ నువ్వే అంటే ఇగ ఆయనకు నోరెందుకు?”

ఎంత మాట! జానమ్మకు ఒళ్లు మండింది. ఆయన అడగకముందే అన్నీ అందించింది తాను కాదూ! సాయంత్రం మందను పిలిచే ఆయన కేకను సైతం నేర్చుకుంది. అచ్చం ఆయన గొంతే! గొర్రెలే మోసపోయి పరుగెత్తుకొచ్చేవి. ఊరు మెచ్చుకుంటే మురిసిపోయింది, పిచ్చిది! ఆ కేక వినగానే కురుమయ్య గోడవైపు తిరిగి పడుకునేవాడన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

“గియ్యాల మందను నువ్వు పిలువకు” అంది స్నిగ్ధ.

పొద్దు వాలింది. ఇంటివెనుక బీడులో మేస్తున్న మంద పక్కవాళ్ల పత్తిచేను వైపు మళ్లింది! జానమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. స్నిగ్ధ కురుమయ్యను పెరట్లో నిలబెట్టి చేతికి కర్ర ఇచ్చింది.

“కాలు ముందటికెయ్యి బాబాయ్... కర్ర ఎత్తు... ఊపిరితోని కేక ఇడువు!”

మొదట గాలే వచ్చింది. రెండోసారి గురగుర...

“హో...య్!”

బొంగురుగా, వంకరగా! అయినా పొట్టేలు తలెత్తింది. మందంతా వెనక్కి తిరిగింది!

కురుమయ్య కళ్లనిండా నీళ్లు. భార్యవైపు చూశాడు. “జా...”

మిగతా సగం జానమ్మ నాలుక చివరే ఉంది. అందించలేదు. గొర్రెలు వచ్చి కాళ్ల చుట్టూ మూగాయి. ఆమె అలాగే నిలబడి ఎదురుచూసింది.

“...న...మ్మ.”

“చెప్పయ్యా...”

“పులుసు... గాదు...” కురుమయ్య ఊపిరి తీసుకున్నాడు. “నేను... గొర్లు... అన్న!”

ఏడు నెలలుగా తాను కలిపిపోసిన పచ్చిపులుసంతా తలచుకుని, జానమ్మ ఏడుస్తూనే పకపకా నవ్వింది.