లెక్క అందలేదన్న వాచీ

పొద్దున్నే కోడలు మామగారి వాచీ అడిగి తీసుకుంది. దానికి తీగ తగిలించి కంప్యూటర్ ముందు కూర్చుంది. కాఫీ గ్లాసుతో ఆయన అటు రాగానే తెర మూసేసింది.

వడ్రంగి పని చేసిన ఆ మామగారికి అది నచ్చలేదు. భార్య పోయాక ఆయనకు నచ్చినవే తక్కువ. మిగిలింది పెరటి షెడ్డు. చిత్రిక పడుతూ ఒకసారి తూలి పడ్డాడని కొడుకు దాన్ని మూసేయబోయాడు. చివరికి ఒప్పందం కుదిరింది. వాచీ చేతికి ఉండాలి, నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో ఆ లెక్క కోడలి ఫోనుకు వెళ్ళాలి, రంపం ముట్టకూడదు. మళ్ళీ తేడా వస్తే షెడ్డు ఖాళీ. ఆ వాచీలో యాప్ రాసింది కోడలే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే అనుకున్నాడు ఆయన.

అందుకే రంపం పట్టే రోజు వాచీ విప్పి తలగడ కింద పెట్టి పోయేవాడు. పిచ్చి వాచీ, అక్కడా డెబ్బై రెండే చూపించేది.

ఆ రోజు కోడలు వాచీ తిరిగి ఇచ్చాక కూడా అలాగే చేశాడు. షెడ్డు నుంచి వచ్చి తలగడ ఎత్తితే అంకె లేదు. ‘లెక్క అందలేదు, వాచీ చేతికి లేదు’ అని ఉంది. వెనక గుమ్మంలో కోడలు.

"నా మీద కాపలా పెట్టావా అమ్మా?"

"లేదు మామయ్యా. వాచీ చేత అబద్ధాలు మాన్పించాను."

"నిన్నటిదాకా బాగానే చెప్పిందిగా."

"అదే నా తప్పు. లెక్క దొరక్కపోతే పాత అంకెనే మళ్ళీ చూపించమని రాశాను. ఎందుకు దొరకలేదో ఎక్కడా రాసుకునేది కాదు. మొన్న మీరు స్నానానికి వెళ్తే బల్ల మీద పడి ఉంది. బల్లకీ డెబ్బై రెండే."

"టేకుది. గట్టి గుండె."

ఆమె నవ్వలేదు. "ఇప్పుడు తప్పినప్పుడల్లా కారణం రాసిపెడుతుంది. చేతికి లేదా, చార్జింగ్ అయిపోయిందా అని."

"సాయంత్రం అదంతా మావాడికి చదివి వినిపిస్తావు. షెడ్డు ఖాళీ చేయిస్తావు. ఇంత డొంకతిరుగుడు ఎందుకు, సూటిగా అడగకపోయావా?"

"మీరు రంపం పడుతున్నారని ఎప్పటినుంచో తెలుసు. వాషింగ్ మిషన్ జాలీ నిండా రంపపు పొట్టే."

"మరి వాడికి చెప్పలేదేం?"

"చెప్పాలనుకుంటే వాచీ ఎందుకు, నాకు నోరు లేదా?"

"పొద్దున తెర ఎందుకు మూశావు?"

"సిగ్గేసి. అది మీకు చూపించుకునే పనా? రోజంతా ఆ అంకె చూసి నిశ్చింతగా కూర్చున్నాను. మీరు షెడ్డులో పడిపోయినా నాకు డెబ్బై రెండే కనబడేది. తెలియదు అని చెబితే పరిగెత్తుకొస్తాను కదా మామయ్యా."

"చెద పట్టిన చెక్కకి లప్పం పెట్టి రంగేశావన్నమాట."

"అంతే."

అలాంటి పని చేసినవాణ్ణి ఆయన షెడ్డు గడప మళ్ళీ తొక్కనిచ్చేవాడు కాదు. మంచం అంచున కూలబడ్డాడు.

"ఇందాక కళ్ళు తిరిగాయి," అన్నాడు. "మొన్న కూడా. మీ అత్తయ్య పోయాక ఎవరడిగినా బాగున్నాననే అంటున్నాను."

షెడ్డు పోతుందని తెలిసే చెప్పాడు.

కోడలు వచ్చి పక్కన కూర్చుంది. ఆయన మణికట్టు మీద వేళ్ళు ఆనించింది. నాడి చూడటం ఆమెకు రాదు. అయినా వదల్లేదు.

"మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి వెళ్దాం. షెడ్డు సంగతి మీ అబ్బాయితో నేను మాట్లాడతాను. ముందు అన్నం తినండి."

ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. చేయి మాత్రం లాక్కోలేదు.