పద్దెనిమిది డిగ్రీల పెట్టె

"చచ్చిన ఈగలు పన్నెండు," అన్నాడు చీఫ్ అస్గెర్. "అవి హాంబర్గ్ చేరకూడదు."

ఐవర్ స్కౌ టోపీ తియ్యకుండానే కూర్చున్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటి చీఫ్‌లని ఆరుగురిని చూశాడు. గోడ మీద ప్రొజెక్టర్ బొమ్మ పడితేగానీ వీళ్లకి నోరు పెగలదు.

బొమ్మ పడింది. తేనెటీగ.

కోపెన్‌హాగన్ ల్యాబ్‌లో ఈగల్ని చంపే బూజు ఒకటి పెంచారు. పశువుల కొట్టాలకి మేలని మొదలెట్టారు. తీరా చూస్తే అది తేనెటీగల్నీ చంపుతోంది. తగలబెట్టేద్దాం అనుకునేలోపు, బూజు పట్టి చచ్చిన పన్నెండు ఈగలు మాయమయ్యాయి.

"ఎవరు?"

"వీబెకె. మన ఏజెంటే. డబుల్ గేమ్ ఆడింది."

ల్యాబ్‌కి ఆమెని కాపలా పెట్టింది ఈ అస్గెరే. అందంగా ఉంది కాబట్టి నమ్మకంగా కూడా ఉంటుందనుకున్నాడు. దొంగ చేతికి తాళం ఇచ్చి, ఇప్పుడు గోడ మీద బొమ్మలు చూపిస్తున్నాడు.

"పొద్దున తొమ్మిదిన్నర రైలు. ఆమెతో కొరియర్ దెల్గారో ఉంటాడు. డిప్లొమాట్. సంచికి రాయబార కార్యాలయం సీలు. ముట్టుకున్నామంటే రెండు దేశాల గొడవ. లోపల ఈగల డబ్బా చుట్టూ మంచుగడ్డలు. చల్లగా ఉన్నంతసేపు స్పోర్స్, అదే బూజు విత్తులు, రిలీజ్ కావు. హాంబర్గ్‌లో బయ్యర్ బతికున్న ఈగల జాడీతో రైలెక్కుతాడు. అక్కడ వెచ్చబెడితే బూజు విత్తులు ఎగిరి వాటికి అంటుకుంటాయి. ఇక మన తేనెపట్లన్నీ వాళ్ల గుప్పిట్లో!"

ఫాల్స్టర్ దీవిలో ఐవర్‌కి ఇరవై రెండు తేనెటీగల పెట్టెలున్నాయి. మనుషుల మీద ఆశ చచ్చాక పెంచుకున్నవి.

"దారిలోనే వెచ్చబెడితే?" అన్నాడు.

"కరెక్ట్!" అస్గెర్ ఎగిరి గంతేశాడు. "హీటర్ ఫుల్! నలభై డిగ్రీలు!"

"నలభై అయితే ఆ పిల్ల కిటికీ తెరుస్తుంది. పద్దెనిమిది చాలు. మనిషికి హాయి, ఎవరికీ అనుమానం రాదు. బూజుకీ అదే హాయి. ఐదు గంటల్లో ఉన్న విత్తులన్నీ పేల్చేసుకుంటుంది. అవి డబ్బా గోడకి అతుక్కుపోయాక మళ్లీ ఎగరలేవు."

"ఇదంతా నీకెవరు చెప్పారు?"

"ల్యాబ్‌లో గుడ్రున్ ముసలమ్మ. మీరు అడగలేదు."

అస్గెర్ అతనికి ఉష్ణోగ్రత చూపే చేతిగడియారం ఇచ్చాడు, ఆధునిక పరికరమట. చేతికి కట్టుకుంటే చేతి వేడే చూపిస్తోంది. ఐవర్ దాన్ని జేబులో పడేసి, తేనెపెట్టెలో వాడే థర్మామీటర్‌ని గొడుగు పిడిలో దూర్చుకున్నాడు.

మారువేషం అక్కర్లేకపోయింది. వీబెకె రెండేళ్లు అతనున్న క్యాంటీన్‌లోనే తిన్నా, ముసలాడి మొహం ఏనాడూ చూసిన పాపాన పోలేదు.

రైల్లో ఆ పెట్టెలో ముగ్గురే ఉన్నారు. ఐవర్ సీటు కింది హీటర్ పిడి సగానికి తిప్పాడు. సంచి సరిగ్గా దాని మీదే ఉంది. వీబెకె కాలు మీద కాలేసుకుని కూర్చుని, ఒక్క నిమిషం ఆగి, లేచి కిటికీ అద్దం దించి తెరిచింది. ఐవర్ దగ్గి, దాన్ని పైకెత్తి మూసేశాడు.

"గదికి గాలి తగలాలి తాతా. ఇంట్లో మీ ఆవిడ కిటికీ తెరవదా?"

"తెరిచేది. అందుకే పోయింది."

దెల్గారో ఓవర్‌కోటులో ముడుచుకున్నాడు. "ముయ్యనీ! మీ దేశంలో చలిని కూడా మర్యాద అనుకుంటారు."

సంచి చల్లగా ఉండాలని పరాయి ముసలాడి ముందు ఎలా చెబుతుంది? వీబెకె పెదవి కొరుక్కుంది. గొడుగు పిడిలో పాదరసం పద్దెనిమిది దగ్గర నిలబడింది. కాసేపటికి సంచి అడుగున నీటిచుక్క పడింది. మంచు కరుగుతోంది.

పన్నెండయింది.

పన్నెండు కొడితే ఐవర్ చెయ్యి దానంతటదే రొట్టెల పొట్లం మీదికి పోతుంది. నలభై ఏళ్ల అలవాటు. నల్లరొట్టె, ఉల్లిపాయ, ఏడాదిన్నర మాగిన జున్ను. పొట్లం విప్పగానే దెల్గారో ముక్కు పట్టుకుని లేచాడు.

"ఏంటది? శవమా?"

"జున్ను."

"మీ బూట్లే నయం!" అని కిటికీ పూర్తిగా తెరిచేశాడు. పాదరసం పదకొండుకి జారింది. వీబెకె పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది. "బాగా తిను తాతా. నెమ్మదిగా నములు."

అస్గెర్‌ని వెధవ అనుకున్నాడే, మరి తనో? ఐవర్ జున్ను వంక చూశాడు. ఇరవై రెండు పెట్టెలు గుర్తొచ్చాయి. పొట్లం మొత్తం లోలాండ్ దీవి బీట్‌దుంపల పొలాల్లోకి విసిరేశాడు. వాసన పోయి, కిటికీ మళ్లీ మూసేసరికి పావుగంట దండగయింది.

రైలు ఫెర్రీ ఓడ ఎక్కి సముద్రం దాటింది. హాంబర్గ్ వచ్చింది. ఇంకా పావుగంట కావాలి. బయ్యర్ ఈగల జాడీతో తలుపు దగ్గరికి వచ్చేశాడు.

ఐవర్ తలుపుకి అడ్డం నిలబడి దెల్గారో చెయ్యి పట్టుకుని ఊపాడు. "ప్రయాణానికి థాంక్స్. కిటికీ మూయించినందుకు థాంక్స్." వీబెకె చెయ్యి పట్టుకున్నాడు. "కబుర్లకి థాంక్స్." బయ్యర్ చెయ్యి పట్టుకున్నాడు. "వచ్చినందుకు థాంక్స్."

"ఎవడీ ముసలాడు?"

"డెన్మార్క్ వాడు," అంది వీబెకె విసుగ్గా. "థాంక్సులన్నీ అయ్యేదాకా కదలడు."

తర్వాత ఐవర్ రబ్బరు జోడులో ఒకటి కనిపించకుండా పోయింది. ముగ్గురూ కాళ్లెత్తి, సీట్ల కింద వెతికి, తిట్టి, మళ్లీ వెతికారు. అది దొరికేసరికి పావుగంట దాటింది.

బయ్యర్ సంచి సీలు పగలగొట్టి, డబ్బా తెరిచి భూతద్దం పెట్టాడు. ఒక్కో ఈగ చుట్టూ పిండి చల్లినట్టు తెల్లటి వలయం.

"ఖాళీ. పన్నెండూ పేలిపోయాయి. తుపాకులు తెమ్మంటే తూటాలు కాల్చేసి తెచ్చారు!"

దెల్గారో వీబెకె వైపు తిరిగాడు. వీబెకె ఐవర్ వైపు తిరిగింది. మొహం సరిగ్గా చూడటం అదే మొదలు.

"నువ్వు... క్యాంటీన్‌లో..."

"అవునమ్మాయ్. రెండేళ్లు అడిగినప్పుడల్లా ఉప్పు అందించాను."

ప్లాట్‌ఫారం మీద ఇద్దరు పోలీసులు నిలబడి ఉన్నారు. ఆమెకి డిప్లొమాట్ పాస్‌పోర్టు లేదు.

ఐవర్ పంపిన రిపోర్టు చూసి, ఇంతేనా అని అస్గెర్ కాగితం రెండో వైపు తిప్పి చూశాడు.

"ఈగలు దారిలోనే పని చేసేశాయి. గడియారం వాపసు. ఒక జున్ను ముక్క పంపించండి."