కదలని కాగితం

పొద్దున్నే కోడలి కంప్యూటర్ మళ్లీ ఆగిపోయింది. ఇళ్ల ప్లాన్లు గీసే ఉద్యోగం ఆమెది, చేసేది ఇంటినుంచే. సగం గీసిన ప్లాను మళ్లీ పోయింది. ఇంకోసారి ఆలస్యమైతే పని వేరేవాళ్లకిచ్చేస్తామని ఆఫీసువాళ్లు నిన్ననే చెప్పారు.

"మీ అత్తయ్యని ఆ వేపుళ్లు ఆపమనమ్మా. నూనె పొగంతా దాంట్లోకే పోతోంది," అన్నాడు మామగారు పేపరు వెనకనుంచి. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. యంత్రాల విషయంలో ఇంట్లో ఆయన మాటకు తిరుగులేదు.

"రెండోసారి వడ్డించుకునేటప్పుడు గుర్తురాదేం ఆ పొగ?" అంది అత్తగారు.

కోడలికి నవ్వు రాలేదు. పల్చటి కాగితాన్ని సన్నగా చింపి, కంప్యూటర్ ఆన్ చేసి, దాని పెట్టె ముందు పట్టుకుంది. గాలి లోపలికి పోతుంటే కాగితం అతుక్కోవాలి. అది ఊరికే వేలాడింది. కిటికీవైపున్న వెనక ఫ్యాను దగ్గర పెడితే కొద్దిగా వణికింది, అంతే. పక్క రేకు ఊడదీసి చూసింది. తెర మీద వేడి అంకె తొంభై నుంచి మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

"ఫ్యాన్లు బాగానే ఉన్నాయి అత్తయ్యా. ముందువైపే గాలికి దారి లేదు."

కంప్యూటర్ ఆపి, ముందు మూత లాగింది. దుమ్ము ఆపే జల్లెడ కనిపించలేదు. దాన్నంతా కప్పేసి గోధుమరంగు తోలులాంటిదేదో ఉంది. ముట్టుకుంటే వేలికి జిగురుగా సాగింది. అందులో వెంట్రుకలు, చచ్చిన దోమలు, బూడిద. కోడలు చటుక్కున వేలు వెనక్కి తీసుకుంది.

"ఛీ! ఇదేం జిడ్డు?"

అత్తగారు వంగి వాసన చూసింది. ఆ వాసన ఆమెకు కొత్త కాదు. కాపురానికి వచ్చిన రోజునుంచీ ఎరుగును.

ఊపిరితిత్తులు చెడ్డాయని, సిగరెట్ మానకపోతే తాను చేయగలిగిందేమీ లేదని డాక్టరు చెప్పిన రోజే మామగారు దేవుడి పటం ముందు మానేస్తానని మాటిచ్చాడు. అప్పటినుంచి ఆమె రోజూ పొద్దున్నే ఆ పటానికి కృతజ్ఞతలు చెప్పుకుంటోంది.

"ఏమండీ, ఇటు రండి."

ఆయన పేపరు దించాడు. జల్లెడ చూశాడు. దాచడానికి ఇంకేం మిగల్లేదు.

"మధ్యాహ్నం మీరు పడుకున్నాక... దాని ముందు కూర్చుని ఊదితే, వెనక ఫ్యాను కిటికీలోంచి బయటికి తోసేస్తుందిగా. గదిలో వాసన ఉండదనుకున్నా."

"ఎంత తెలివండీ! నా పని పోయేదాకా వచ్చింది మామయ్యా!" అంది కోడలు.

ఆయన భార్య చెయ్యి పట్టుకోబోయాడు.

"ముట్టుకోకండి. అసహ్యంగా ఉంది నాకు. రోజూ నాచేత దేవుడికి అబద్ధం చెప్పించారు."

ఆయన జల్లెడ పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్లాడు. సబ్బు పెట్టి రుద్దుతుంటే నల్లటి నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారాయి. ఆయనకే డోకు వచ్చింది. కాసేపు గోడ పట్టుకుని నిలబడి, మళ్లీ రుద్దాడు.

ఆరిన జల్లెడ బిగించి, కోడలు మళ్లీ కాగితం పట్టింది. అది చటుక్కున వెళ్లి అతుక్కుంది. వేడి అంకె పైకెక్కలేదు. ఆమె ఊపిరి పీల్చుకుంది.

అత్తగారు ఆ కాగితం తీసుకుని భర్త నోటికి మూరెడు దూరంలో పట్టుకుంది.

"ఊదండి."

ఊదాడు. కాగితం కదలలేదు. ఇంకోసారి గట్టిగా ఊదబోయి దగ్గుతో వంగిపోయాడు. అసహ్యమంటూ ముట్టుకోనివ్వని మనిషే గబగబా ఆయన వీపు నిమిరింది. చీరకొంగుతో ఆయన మూతి తుడిచి, అదే కొంగుతో తన కళ్లు ఒత్తుకుంది.

ఆయన బీరువా వెనక చెయ్యి పెట్టి సిగరెట్ పెట్టె తీశాడు. నలిపి కోడలి చేతిలో పెట్టాడు.

"నా మాట నమ్మొద్దమ్మా. అప్పుడప్పుడు ఆ జల్లెడ విప్పి చూస్తుండు."

అత్తగారు కాగితాన్ని పటం అంచున దోపింది. ఇన్నాళ్లూ చెప్పిన కృతజ్ఞతలు ఎక్కడికి పోయినట్టు? ఆమెకు తెలియలేదు. కొత్తగా ఏం అడగాలో మాత్రం తెలిసింది.

"రేపు దీన్ని కాస్త కదలనివ్వు స్వామీ."