మూతి లేని గలీబు

మేడ కింద మందుల షాపాయన భార్య పాలావిడతో అందిట. పాలావిడ అమ్మతో అంది. అమ్మ నాన్న చెవిలో ఊదింది. తలుపు చాటున నిలబడ్డ తూనీగకి నాన్నకన్నా బాగా వినపడింది.

"టైలరమ్మ తలకి దెబ్బ తగిలాక చొక్కాకి మూడు చేతులు కుడుతోందిట!"

మొదటావిడ నిజంగా ఏమందో ఎవరికి తెలుసు? గడప దాటినకొద్దీ మాటకి కాళ్ళూ చేతులూ మొలుస్తాయి.

టైలరమ్మ అంటే తూనీగకి మేనత్త, నాన్నకి అక్క. తూనీగ అసలు పేరు బడి రిజిస్టరులో భద్రంగా ఉంది. ఒక్కచోట కుదురుగా నిలవదని అత్తే దానికి ఆ ముద్దుపేరు పెట్టింది.

కిందటి వానాకాలం అత్త స్కూటరు జారి పడింది. తల రోడ్డుకి కొట్టుకుంది. చాలా రోజులు ఆసుపత్రిలో కళ్ళు మూసుకునే ఉంది. తర్వాత చంటిపిల్లలా అన్నీ మొదటినుంచీ నేర్చుకుంది. నడవడం, చెంచా పట్టుకోవడం, గుండీలు పెట్టుకోవడం. ఇప్పుడు నడుస్తుంది, నవ్వుతుంది. మాటలు మాత్రం లోతు బావిలోంచి చేదుకున్నట్టు ఒక్కొక్కటే పైకి వస్తాయి. చేస్తున్న పని ఎక్కడిదాకా వచ్చిందో మధ్యలో మరిచిపోతుంది.

మొన్నటిదాకా తమ్ముడింట్లోనే ఉంది. "నా గది... నాకు కావాలి" అని పట్టుబట్టి తన మేడగదికి వచ్చేసింది. రాత్రిళ్ళు అమ్మ వచ్చి తోడు పడుకుంటోంది.

ఈ సాయంత్రం థెరపీ మేడమ్ వస్తోంది. చేతులకీ జ్ఞాపకానికీ అత్తకి మళ్ళీ పని నేర్పింది ఆవిడే. ఆవిడ ఎదురుగా అత్త ఎవరి సాయమూ లేకుండా ఒక దిండు గలీబు కుట్టాలి. కుట్టగలిగితే ఈ గదిలో ఒక్కతే ఉండొచ్చు, మెల్లగా కుట్టుపని మొదలుపెట్టొచ్చు. లేకపోతే గది ఖాళీ చేసెయ్యాలి. నాన్న అప్పుడే కిరాణా కొట్టులో అట్టపెట్టెలు అడిగి పెట్టుకున్నాడు.

"మూడు చేతులంటారా మా అత్తని! ఇవాళ గది అద్దంలా ఉండాలి" అనుకుంటూ తూనీగ బడి వదలగానే మేడమెట్లు రెండేసి ఎక్కేసింది.

అత్త స్నానాల గదిలో మొహం కడుక్కుంటోంది. కుట్టుబల్ల చూసి తూనీగకి కళ్ళు తిరిగాయి. ఒక చివర గుండుసూదుల డబ్బా. పక్కన దారం రీలు. దాని పక్కన చిన్న కత్తెర. ఆ చివర ఇస్త్రీ పెట్టె. ఒక్కటీ దాని చోట లేదు. టేపు, సుద్దముక్క కింద బుట్టలో పడున్నాయి. మిషను ముందు కత్తిరించిన నీలం గుడ్డ, మడిచి ఉంది. దాని అంచుకి, బట్టలారేసే ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి వేలాడుతోంది.

"చెవికి పోగులా ఇదేమిటి, బాగోలేదు!"

తూనీగ క్లిప్పు లాగేసింది. అన్నిటినీ రేకు డబ్బాలో సర్ది మూత పెట్టింది. ఇస్త్రీ పెట్టెని అలమారలో దాచింది. బల్లని తడిగుడ్డతో తుడిచింది. బల్ల మెరిసింది. తూనీగ మొహం ఇంకా మెరిసింది.

అత్త తువ్వాలుతో వచ్చి బల్ల ముందు ఆగింది. అటు చూసింది, ఇటు చూసింది. ఏదో అనబోయింది.

"ఎలా ఉంది అత్తా?" అంది తూనీగ.

అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. థెరపీ మేడమ్ వచ్చింది, వెనకే నాన్న వచ్చాడు. అత్త కుర్చీలో కూర్చుంది. గుడ్డని మిషను కింద పెట్టి, తిప్పుకుంటూ, మడత ఉన్న వైపు వదిలి మిగతా మూడు వైపులా కుట్టేసింది. కుట్టు మాత్రం గీత గీసినట్టుంది.

మేడమ్ మంచం మీది దిండు అందుకుంది. గలీబుని ఈ వైపు తిప్పింది, ఆ వైపు తిప్పింది.

"దీనికి మూతి ఏదండీ? దిండు ఎటునుంచి దూర్చాలి?"

తూనీగకి నవ్వొచ్చింది. అత్త మొహం చూడగానే ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

నాన్న నిట్టూర్చాడు. "నేను చెబుతూనే ఉన్నాను మేడమ్. అక్కకి ఇంకా కుదరదు. మా ఇంట్లో ఉంటే మాకేం బరువా?"

అత్త గలీబు వంక చూస్తూ అంది. "క్లిప్పు... క్లిప్పు పెట్టాను. కుట్టకూడని... వైపు."

"ఏ క్లిప్పక్కా? ఇక్కడేం లేదే!"

అత్త తల వంచుకుంది. తన మీద తనకే నమ్మకం పోయినట్టు, "పెట్టానా?" అని గొణిగింది.

తూనీగ ఊరుకుంటే ఎవరికీ తెలియదు. అట్టపెట్టెలు మాత్రం మెట్లెక్కి వస్తాయి.

"పెట్టింది! అత్త పెట్టింది. నేనే తీసేశాను" అంది ఒక్క గుక్కలో. "బల్ల కూడా నేనే సర్దేశాను. ఇల్లు నీటుగా ఉంటే మేడమ్ మెచ్చుకుంటారని..."

"తెలివి తెల్లారినట్టే ఉంది!" అన్నాడు నాన్న.

మేడమ్ చెయ్యెత్తి నాన్నని ఆపింది. అత్త వైపు తిరిగి, "పాపకి మీరే చెప్పండి" అంది.

అత్త బల్ల మీద చెయ్యి ఈ చివరినుంచి ఆ చివరికి జరిపింది. "బల్ల మీద... చెయ్యాల్సినవి. వరసగా." కింద బుట్ట చూపించింది. "బుట్టలో... అయిపోయినవి. నేను మరిచిపోతే... బల్ల చెబుతుంది."

తూనీగ శుభ్రంగా తుడిచేసింది బల్లని కాదు. అత్త జ్ఞాపకాన్ని. పిల్ల కళ్ళు నిండాయి.

"మళ్ళీ... కుడతాను" అంది అత్త.

"నేను డబ్బాలోంచి తీసి పెట్టనా?" అంటూ తూనీగ చెయ్యి చాచింది. సగంలో వెనక్కి తీసుకుంది. డబ్బా మూత కూడా తియ్యకుండా అలాగే అత్త ముందు పెట్టింది. అలమారలోంచి ఇస్త్రీ పెట్టె తెచ్చి దాని పక్కనే ఉంచింది. పోయి ముక్కాలి పీట మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

అత్త ఒక్కొక్కటే తీసి పేర్చింది. దారం ముందు పెట్టి, ఆలోచించి, వెనక్కి జరిపింది. కుట్లు విప్పే బ్లేడు కోసం వెతికింది. "అదీ... సన్నగా... కోసేది..." అది రీలు వెనకే ఉంది. తూనీగకి కనిపిస్తోంది. పేరు నాలిక చివరిదాకా వచ్చింది. పెదాలు బిగించింది. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు నోరు మూసుకున్నది అదే మొదలు.

"బ్లేడు!" అని అత్తే అనుకుంది. అత్తే తీసుకుంది.

ఒక్కో కుట్టూ విప్పింది. క్లిప్పు పెట్టింది. మళ్ళీ కుట్టింది. క్లిప్పు దగ్గరికి రాగానే ఆగి, దారం తెంపింది. దిండు లోపలికి జారింది, బొజ్జ నిండిన పిల్లాడిలా బల్ల మీద కూర్చుంది.

మేడమ్ నవ్వింది. "కుట్టినందుకు కాదండీ. తప్పు విప్పి మళ్ళీ కుట్టుకున్నారు. అది చాలు నాకు. ఇక్కడే ఉండండి."

తూనీగ పీట మీంచి గెంతబోయి, ఆగి, గట్టిగా ఊపిరి వదిలింది.

అత్త ఇంకో గుడ్డముక్క తీసింది. రీలు మార్చి సూదిలోకి దారం ఎక్కించబోయింది. దారం ఒకసారి తప్పింది. ఇంకోసారి తప్పింది. నాన్న ఉండబట్టలేక ముందుకి వంగాడు.

"ఇలా ఇయ్యక్కా, నేను ఎక్కిస్తాను."

అత్త దారం వదల్లేదు. తమ్ముణ్ణి కిందనుంచి పైదాకా చూసింది.

"నీ చొక్కాకి గుండీ లేదు. ముందు అది చూసుకో."